లిజ్జీ సరే, వాళ్ళక్క ఎమ్మా గురించి ఎవరైనా మాట్లాడతారా?

రాత్రి మళ్ళీ లిజ్జీ బోర్డెన్ కేసు మీద ఒక వీడియో చూశా. 40 నిమిషాలు. గొడ్డలి మీదే పావుగంట, వాళ్ళక్క గురించి మాత్రం ఒక్క ముక్క, "ఎమ్మా ఆ రోజు ఊళ్ళో లేదు" అని, అంతే. ఒళ్ళు మండి రాస్తున్నా, పెద్ద పోస్టే, ఓపిక ఉంటేనే చదవండి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: 1892 ఆగస్టు 4, అమెరికాలో మసాచుసెట్స్, ఫాల్ రివర్ అనే బట్టల మిల్లుల ఊరు. ఆండ్రూ బోర్డెన్ అని బాగా డబ్బున్న పిసినారి, ఆయన రెండో భార్య ఆబీ, ఇద్దర్నీ పట్టపగలు సొంతింట్లోనే నరికేశారు. చిన్న కూతురు లిజ్జీని అరెస్ట్ చేశారు, 1893 జూన్‌లో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఈ కేసు మీద ఉన్న పిల్లల పాటలో తల్లికి (అంటే ఆబీకి) 40 గొడ్డలి వేట్లంటారు గానీ నిజానికి 20 కూడా లేవు.

ఇప్పుడు అక్క. కన్నతల్లి సారా 1863లో పోయింది. అప్పటికి ఎమ్మాకి 12, లిజ్జీకి మూడేళ్ళు నిండలేదు. పోతూ పోతూ తల్లి "చెల్లిని చూసుకో" అని మాట తీసుకుంది. పన్నెండేళ్ళ పిల్ల దగ్గర! రెండేళ్ళకి తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, అయినా ఎమ్మా ఆ ఆబీని ఒక్కసారి కూడా అమ్మా అని పిలవలేదు, పేరు పెట్టే పిలిచేది. కాబట్టి ఎమ్మా దేవతేం కాదు, పంతం ఉన్న మనిషే. (పాపం ఆబీ గురించి ఇంకో పోస్ట్ రాయాలి, ఆవిడకీ ఎవరూ లేరు.)

ఆ ఇంటి ప్లాన్ ఎప్పుడైనా చూశారా? మేడ మీద పెద్ద గది మొదట ఎమ్మాది. హత్యలకి ఓ రెండేళ్ళ ముందు అది చెల్లికి ఇచ్చేసి తను పక్కనున్న ఇరుకు గదిలోకి మారింది. ఆ గదికి వేరే దారి లేదు, లిజ్జీ గదిలోంచే పోవాలి, రాత్రి మంచినీళ్ళకి లేచినా సరే చెల్లి గది దాటాల్సిందే. నలభై ఏళ్ళ ఆడమనిషి! ఇది చదివినప్పుడు మా అక్క గుర్తొచ్చింది, నా టెన్త్ అప్పుడు కిటికీ ఉన్న గది నాకిచ్చి తను హాల్లో దివాన్ మీద పడుకునేది, నేనింతవరకు థాంక్స్ కూడా చెప్పలేదు, అసలు అదొక ఇవ్వడం అని తడితే కదా.

హత్య రోజు ఎమ్మా ఫెయిర్‌హేవెన్‌లో స్నేహితుల ఇంట్లో ఉంది, డాక్టర్ టెలిగ్రామ్ కొడితే సాయంత్రానికి వచ్చింది. ఆ ఆదివారం లిజ్జీ వంటింటి పొయ్యిలో ఒక గౌను కాల్చేసింది, ఇంకో స్నేహితురాలు కళ్ళారా చూసింది. కేసంతా దాని మీద బిగుసుకునేదే. కోర్టులో ఎమ్మా ఏం చెప్పిందో తెలుసా, నా గౌను తగిలిద్దామని వెళ్తే ఒక్క మేకూ ఖాళీ లేదు, వెతుకుతుంటే పెయింట్ మరకల పాత గౌను కనబడింది, ఇంకా ఎందుకు ఉంచావు తీసెయ్ అని నేనే అన్నా అని. నిజమో, చెల్లి కోసం అల్లిందో నాకు తెలీదు, ఎవరు చంపారన్నదీ ఇక్కడ నా పాయింట్ కాదు. కానీ ఆ మేకు మాట ఉంది చూడండి, తన బట్ట తగిలించుకోవడానికి కూడా ఆ ఇంట్లో చోటు వెతుక్కునే మనిషి, అదే చెప్పి చెల్లిని కాపాడింది. సవతి తల్లితో ఎవరికి పడేది కాదని అడిగితే, లిజ్జీకి కాదు, నాకే అని అదీ తన మీదే వేసుకుంది.

తర్వాత ఇద్దరూ కొండ మీద పెద్దిల్లు కొనుక్కున్నారు. 1905లో ఎమ్మా ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది, మళ్ళీ చెల్లి మొహం చూడలేదు. అయినా 1913లో పేపర్ వాళ్ళు అడిగితే లిజ్జీ ఈ పని చేయలేదనే చెప్పింది, అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నానంది. కలిసి ఉండలేదు, అలాగని వదిలేయనూ లేదు. దీని మీద సినిమా తియ్యరు!

1927 జూన్ 1న లిజ్జీ పోయింది. విల్లులో జంతువుల సంస్థకి 30,000 డాలర్లు రాసి, అక్కకి మాత్రం ఏమీ ఇవ్వట్లేదు, నాన్న ఆస్తిలో తన వాటా తనకి వచ్చింది కదా అని పెట్టింది. తొమ్మిది రోజులకి న్యూహాంప్‌షైర్‌లో ఎమ్మా కూడా పోయింది. ఇరవై రెండేళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్న మనిషిని తీసుకొచ్చి మళ్ళీ ఫాల్ రివర్‌లో, అదే శ్మశానంలో, లిజ్జీతో పాటే పెట్టారు.