ర్యాంకుల జిల్లాలకు క్యాడెట్ ఇంజినీర్లు కావాలి

నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఒంగోలు దాకా ఏ సెంటర్లో నిలబడి చూసినా జేఈఈ ర్యాంకుల ఫ్లెక్సీలే. వాటి వెనక తల్లిదండ్రుల లెక్క ఒక్కటే: సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), అది రాకపోతే సీఎస్‌ఈకి ఏఐ తోక తగిలించిన ఇంకో బ్రాంచి. సిస్టమ్స్ ఇంజినీరింగ్ అనే చదువు ఒకటుందని, దాన్ని యూనిఫాంలో కూడా చదవొచ్చని చెప్పే ఫ్లెక్సీ నాకు ఎక్కడా కనపడలేదు. నా మాట సూటిగా చెబుతాను. ఇరవై ఏళ్లు నిండని అబ్బాయికి గానీ అమ్మాయికి గానీ సిస్టమ్స్ ఇంజినీరింగ్ నేర్పడానికి మిలిటరీ అకాడమీని మించిన చోటు లేదు. మన అకాడమీలు దాన్ని క్యాడెట్లందరికీ నేర్పాలి, మన పిల్లలు అక్కడ ఉండాలి.

పేరు చూసి బెదరక్కర్లేదు. శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి లేచిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. మొదటి దశ తన పని తాను చేసింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయింది, అంతే. మరుసటి ఏడాది జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. వాల్వు చేసేవాడు, మోటారు చేసేవాడు, కంప్యూటర్ ప్రోగ్రాం రాసేవాడు వేర్వేరు మనుషులు. వీళ్లందరి పనీ ఒకదానితో ఒకటి అతికిందా, ఒకటి చెడితే తక్కినవి ఏమవుతాయి, అసలు మనకు కావలసింది ఏమిటి అని మొదటి రోజు నుంచి అడుగుతూ ఉండేవాడే సిస్టమ్స్ ఇంజినీర్.

ఈ చదువుకు సైన్యంతో ఉన్న బంధం పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ దాటే సరుకు ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచుతుంటే, చిన్న చిన్న కాన్వాయ్‌లుగా, అంటే కాపలా నౌకల నడుమ గుంపులుగా పంపడమే క్షేమమని బ్రిటిష్ నౌకాదళం నమ్మింది. భౌతిక శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ బృందం పాత ప్రయాణాల లెక్కలు ముందేసుకుని కూర్చుంది. తేలింది దానికి పూర్తిగా తలకిందులు. ఒక దాడిలో మునిగే ఓడల సంఖ్య కాన్వాయ్ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి లేదు. ఎన్ని జలాంతర్గాములు వచ్చాయి, ఎన్ని కాపలా నౌకలు ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంది. కాపలా కాయాల్సింది చుట్టుకొలతను. ఓడలు రెట్టింపైనా చుట్టుకొలత రెట్టింపు కాదు. కాబట్టి ఉన్న కాపలాతోనే పెద్ద కాన్వాయ్‌లు పంపితే మొత్తం మీద నష్టం తగ్గుతుంది. ఒక్క కొత్త ఓడ కట్టలేదు, కొత్త ఫిరంగి కొనలేదు. ఉన్నవాటినే వేరే రకంగా పేర్చి ఎందరో నావికుల ప్రాణాలు కాపాడారు. ఇంటర్ మ్యాథ్స్ వచ్చిన ఏ పిల్లవాడికైనా అర్థమయ్యే లెక్క ఇది. కానీ ఆ ప్రశ్న అడగడం ఏ కోచింగ్ మెటీరియల్లోనూ లేదు.

అమెరికాలోని వెస్ట్ పాయింట్ అకాడమీ దీన్ని ఒక డిపార్ట్‌మెంట్‌గానే నడుపుతోంది. 1802లో పుట్టిన ఆ అకాడమీ ఆ దేశపు తొలి ఇంజినీరింగ్ విద్యాలయం కూడా. అక్కడ సిస్టమ్స్ ఇంజినీరింగ్ క్యాడెట్లకు సమస్యను నిర్వచించడం, పరిష్కారాలు రూపొందించడం, నిర్ణయం తీసుకోవడం, అమలు చేయడం అనే నాలుగు దశల పద్ధతి నేర్పుతారు. చివరి ఏడాది బయటి సంస్థలు తెచ్చిన అసలు సమస్యల మీద జట్లుగా పని చేయిస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. చరిత్రో భాషో ప్రధానంగా చదివే క్యాడెట్ కూడా ఇంజినీరింగ్‌లో మూడు కోర్సుల వరస పూర్తి చేయాలి. ఆ వరసల్లో సిస్టమ్స్ కూడా ఒకటి.

మన దగ్గర? పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)లో నౌకాదళ, వాయుసేన క్యాడెట్లకు బీటెక్ ఉంది, మూడేళ్లు అక్కడ, నాలుగో ఏడు కేరళలోని ఎళిమల నేవీ అకాడమీలోనో వాయుసేన అకాడమీలోనో. ఇంటర్ ఎంపీసీ తర్వాత జేఈఈ మెయిన్ స్కోరుతో సైన్యం టెక్నికల్ ఎంట్రీకి, నేవీ బీటెక్ ఎంట్రీకి దరఖాస్తు చేయొచ్చు. టెక్నికల్ ఎంట్రీ క్యాడెట్లు చదివే మూడు కాలేజీల్లో ఒకటి సికింద్రాబాద్‌లోనే ఉంది. సుప్రీంకోర్టు 2021లో తలుపు తెరిచాక అమ్మాయిలూ ఎన్‌డీఏలో చేరారు, మొదటి బ్యాచి 2025 మే నెలలో బయటికొచ్చింది. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. లేనిది ఒక్కటే. సివిల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ అని బ్రాంచీలుగా కోసి ఇస్తున్నాం. వాటిని కలిపి చూసే చదువు ఆఫీసరుకు ఎప్పుడో సర్వీసు మధ్యలో, అదీ కొందరికే, అందుతోంది.

దీనికి ప్రొఫెసర్లు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ల వాడికి సిస్టమ్స్ చెబితే నోటికి నాలుగు పెద్ద మాటలొస్తాయే తప్ప పని రాదు, ముందు ఒక బ్రాంచిలో పట్టు రావాలి, పదేళ్ల అనుభవం తర్వాత పీజీలో చదువుకోవాలి అంటారు. మామూలు కాలేజీ కుర్రాడి విషయంలో ఈ మాట నిజం. క్యాడెట్ విషయంలో కాదు. వాడు ఎంపికయ్యేదే సైనికాధికారులను ఎంచే బోర్డు ఎస్‌ఎస్‌బీలో రెండు పలకలు, ఒక తాడు, ఒక డ్రమ్ము ఇచ్చి జట్టును అవతలి గట్టుకు చేర్చమంటే ఏం చేస్తాడో చూసి. చేరాక క్యాంపుకు వెళ్తే నీళ్లు, బ్యాటరీలు, మ్యాపు, కాలు బెణికిన సహచరుడు అన్నీ వాడి లెక్కలోకే వస్తాయి. ఒకటి మరిచిపోతే ఆ రాత్రే అందరూ అనుభవిస్తారు. పదేళ్లు ఆగాల్సిన అనుభవం వాడికి మొదటి టర్మ్‌లోనే మొదలవుతుంది.

మన రెసిడెన్షియల్ కాలేజీలూ పిల్లల్ని తెల్లవారుజామునే లేపుతాయి, బెల్లు కొట్టి నడిపిస్తాయి. గ్రౌండ్ మాత్రం ఉండదు. క్రమశిక్షణ అకాడమీది, పని గుమాస్తాది. ఒకే ఒక్క సరైన జవాబున్న ప్రశ్నలు రెండేళ్లపాటు చేసిన బుర్రకు, నాలుగు సగం సగం జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోమంటే టెన్షన్ రాక ఏమవుతుంది?

ఇది ఉద్యోగాల గొడవ మాత్రమే అయితే నేను ఇంత రాయను. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పని చేయడం లేదు. ఆ వరద పెన్నాలో కలిసి సోమశిలకు, అక్కడి నుంచి నెల్లూరుకు వచ్చింది. పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కోసుకుపోయి చెన్నై, విజయవాడ మధ్య రైళ్లు ఆగాయి, హైవే తెగింది. ఎక్కడో పక్క జిల్లాలో మొరాయించిన గేటుకూ నెల్లూరులో ఆగిన రైలుకూ మధ్య ఉన్న గొలుసు ఏ ఇంజినీరు బల్ల మీద ఉంది? ఇరిగేషన్‌కు డ్యామ్ వరకే, రైల్వేకు ట్రాకు వరకే, రెవెన్యూకు పునరావాస కేంద్రం వరకే.

గుండ్లకమ్మ కథ ఇంకా చేదు. ప్రకాశం జిల్లాలో ఆ నది మీద ఉన్న మల్లవరం రిజర్వాయర్‌లో 2022 ఆగస్టు చివర ఒక గేటు విరిగింది. రైతుల నీళ్లు సముద్రం పాలయ్యాయి. 2023 డిసెంబరు తుపానులో ఇంకో గేటు పోయింది. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను సొరంగాల్లో ప్రకాశం జిల్లాకు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో సొరంగాలు తవ్వేశామని ప్రారంభోత్సవం చేశారు. కానీ అప్పటికి ముంపు గ్రామాల వాళ్లను కదపలేదు కాబట్టి రిజర్వాయర్లో నీళ్లు నిలపలేని స్థితి. సొరంగం తవ్వినవాళ్లకు సొరంగం పూర్తయింది. నీళ్ల కోసం చూసే పడమటి మెట్ట రైతుకు ఏమీ పూర్తి కాలేదు. ప్రభుత్వాలు మారినా ఈ జబ్బు మారలేదు, అందుకే దీన్ని పార్టీల ఖాతాలో వేయడం నాకు ఇష్టం లేదు. ముక్కలకు బిల్లులున్నాయి, మొత్తానికి యజమాని లేడు.

ఇరవై ఏళ్ల సర్వీసుతో బయటికొచ్చే టెక్నికల్ ఆఫీసరుకు నలభై మూడో, నలభై నాలుగో ఉంటాయి. వంతెన వేయడం నుంచి వెయ్యి మందికి రేషన్ చేర్చడం దాకా మొత్తం చూసుకున్నవాడు. మనం అతనికి ఏమిస్తున్నాం? అపార్ట్‌మెంట్ల సెక్యూరిటీ ఏజెన్సీ. 2021 డిసెంబరులో డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది, ప్రతి రాష్ట్రంలో అందుకోసం ఒక సంస్థ ఉండాలంది. గుండ్లకమ్మ గేట్లు రెండూ ఆ చట్టం వచ్చాకే విరిగాయి. ఆ సంస్థలో పెన్నా, గుండ్లకమ్మ బేసిన్లకు చెరొక పోస్టు పెట్టి, ఆనకట్ట దగ్గర్నుంచి రైలు కట్ట దాకా మొత్తం బాధ్యత అప్పగించి, మాజీ సైనిక ఇంజినీర్లకు ముందు అవకాశం ఇవ్వమని నెల్లూరు, ఒంగోలు ఎమ్మెల్యేలు ఎవరైనా అసెంబ్లీలో అడుగుతారా?