పర్లాకిమిడి పిల్లలకు బొమ్మల యాప్‌లు చాలవు

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో తెలుగింటి పిల్లాడికి తెలుగు మాట్లాడటం ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంట్లో తెలుగే, బడిలో మాత్రం ఒడియా. వాడికి రానిది తెలుగు చదవడం, రాయడం. ఆన్‌లైన్ పాఠాలు చాలావరకు వాడికి బొమ్మ చూపించి ‘నీళ్లు’ అంటే ఏమిటో చెబుతాయి. ఆ అవసరం బయటి దేశాల్లో పెరిగే పిల్లలది.

ఇక్కడి చిక్కు వేరు. మన ‘క’లో ‘అ’ ఉన్నట్టే ఒడియా హల్లులోనూ ఒక అచ్చు ఉంటుంది, అది ‘ఒ’కు దగ్గరగా పలుకుతుంది. ఆ అలవాటుతో ‘కమల’ను ‘కొమొలొ’ అని చదివేస్తారు. ఎ-ఏ, ఒ-ఓ అనే తేడా ఒడియా లిపిలో లేదు. అందుకే ‘మెడ’, ‘మేడ’ రాతలో కలిసిపోతాయి. ‘తెగ’, ‘తేగ’ కూడా అంతే. ఎక్కడో కూర్చుని యాప్ చేసేవాళ్లకు ఇది తట్టదు. పక్కన కూర్చుని చదివించే టీచరుకు మొదటి రోజే తెలుస్తుంది.

కాబట్టి అభ్యాసాలు ఆ టీచరే తయారుచెయ్యాలి. అందుకు హెచ్‌5పీ అనే ఆన్‌లైన్ అభ్యాసాల సాధనం ఉంది. అది ఉచితం, ఓపెన్ సోర్స్, కోడింగ్ రానక్కర్లేదు. ‘మేడ మీద తేగలున్నాయి’ అని రికార్డు చేసి డిక్టేషన్ అభ్యాసంలో పెడితే పిల్లాడు విని టైప్ చేస్తాడు. ‘మెడ’ అని కొట్టాడా, సరిచూసుకోగానే తప్పు కనిపిస్తుంది. మళ్లీ విని దిద్దుకుంటాడు. క్లాసు నిండా పిల్లలుంటే ఒక్కొక్కరి తప్పూ అంత వెంటనే పట్టడం ఏ టీచరుకూ సాధ్యం కాదు. ఒక్క జాగ్రత్త: ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే కీబోర్డు వద్దు. సరైన మాటను అదే ఊహించి ఇచ్చేస్తుంది.

తెలుగు టీచర్ పోస్టులే లేనప్పుడు ఈ హంగులెందుకని కొందరంటారు. పోస్టులు కావాల్సిందే. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. పోస్టులు వచ్చేదాకా పిల్లల వయసు ఆగదు కదా.

అసలు ప్రశ్న, రికార్డు చేసే గొంతు ఎవరిది? న్యూస్ రీడర్ తెలుగు వద్దే వద్దు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామ్మూర్తి పంతులుగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది. ఏటా ఆగస్టు 29న ఆయనకు దండలేస్తాం. ఆ ఊరి తెలుగు పాఠాల్లో వినపడాలని మాత్రం అడగం. సంతలో కూరలమ్మే అవ్వ ‘వచ్చీసినాడు’ అంటే అదే రికార్డు చేసి, అదే రాయించండి. పుస్తకాల్లోని ‘వచ్చేశాడు’ ఆ తర్వాతి పాఠంలో చెప్పొచ్చు. తన ఇంటి మాట తప్పని మొదటి రోజే చెబితే ఏ పిల్లాడు మళ్లీ ఆ పాఠం తెరుస్తాడు?

హెచ్‌5పీ పాఠమంటే ఒక ఫైలు. పర్లాకిమిడిలో చేసినదాన్ని రాయగడ, బరంపురం టీచర్లు తీసుకుని తమ ఊరి గొంతులు పెట్టుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల భాషా సంస్థలు వచ్చే ఆగస్టు 29న సన్మాన సభకు బదులు ఈ టీచర్లకు పర్లాకిమిడిలోనే వర్క్‌షాప్ పెట్టాలి.