కంకణం మీద కంకణం

ఎడంచేత్తో టైపు చేస్తున్నాను. కుడి మణికట్టు ఇంకా వాచే ఉంది. అచ్చుతప్పులు కనిపిస్తే మా తోడల్లుడి ఖాతాలో రాసుకోండి.

నాకు పాత డబ్బు పోగుచేసే అలవాటుంది. అందరూ దాచే కానులూ బేడలూ కాదు, జేబులో పట్టని డబ్బు. కాంగోలో కటంగావాళ్ళు రాగిని ఇంటూ గుర్తు ఆకారంలో పోతపోసి చలామణీ చేసేవారు, ఒక్కోటి కిలోకి కాస్త అటూఇటూగా తూగుతుంది. అదొకటి మా షోకేసులో ఉంది. దాని పక్కన కిస్సీ పెన్నీ. సియెర్రా లియోన్, లైబీరియా వైపు చెల్లిన ఇనప కడ్డీ ఇది, మెలితిప్పి ఉంటుంది, ఒక కొసను చెవి అంటారు, రెండో కొసను పాదం అంటారు. విరిగిందంటే దాని ప్రాణం పోయినట్టే. మంత్రగాడొచ్చి తంతు జరిపి అతికితేగాని మళ్ళీ చెల్లదు. చిరిగిన నోటు మార్చుకోడానికి మొన్న ఇక్కడి బ్యాంకులో నేను పడ్డ పాట్లకి ఆ మంత్రగాడే నయం.

స్వీడన్ రాగి పలకలంటే మాత్రం నాకు తీరని కోరిక. వాళ్ళకి వెండి తక్కువ, ఫాలున్ గనుల్లో రాగి దండి. అంచేత వెండికి సరిపడా విలువగల రాగినే డబ్బుగా కొట్టేశారు. 1644లో కొట్టిన పది డాలెర్ల పలక బరువు 19.7 కిలోలు. ఆ మోత మొయ్యలేకే 1661లో స్టాక్‌హోంలో కాగితం నోట్లు అచ్చేశారు, యూరప్ మొత్తమ్మీద అవే మొదటి బ్యాంకు నోట్లు. అలాంటి పలకలు మనవైపూ బయల్దేరాయి. వాటిని నింపుకుని తమిళనాడు తీరాన ఉన్న తరంగంబాడికి వస్తున్న ‘నికోబార్’ అనే డెన్మార్కు ఓడ 1783లో దక్షిణాఫ్రికా తీరంలో మునిగిపోయింది. 1987లో జాలర్లకి పలకలు గుట్టలుగా దొరికాయి. ఆ ఓడ ఒడ్డు చేరుంటే ఒక్కటైనా చేతులు మారి మారి మా పర్లాకిమిడి దాకా వచ్చుండేదని నేను బెంగపడితే, ‘మునిగి పుణ్యం కట్టుకుంది’ అంటుంది మా ఆవిడ. షోకేసు తుడిచేది ఆవిడే లెండి.

ఈసారి తెప్పించినది మనిల్లా, అంటే కడియంలా ఉండే ఇత్తడి డబ్బు. లాడం ఆకారం, బొటనవేలంత మందం, రెండు కొసలూ వెడల్పుగా అణిచినట్టుంటాయి, లోపలివైపు పోత అతుకు గీత గోటికి తగుల్తుంది. పదిహేనో శతాబ్దం చివర్నుంచీ పోర్చుగీసువాళ్ళు వీటిని పశ్చిమాఫ్రికాకి ఓడలకొద్దీ మోసుకెళ్ళి మిరియాలు కొన్నారు, ఏనుగు దంతం కొన్నారు, మనుషుల్ని కూడా కొన్నారు. తర్వాత తర్వాత బర్మింగ్‌హామ్‌లో పోతపోసి పంపారు. నైజీరియాలో తెల్లదొరలు 1948లో వీటిని వెనక్కి తీసుకోవడం మొదలెట్టి, మరుసటి ఏడు పూర్తయ్యేసరికి మూడు కోట్ల పైచిలుకు పోగేసి తుక్కుకింద అమ్మిపారేశారు. వీటిల్లో చిన్నవీ పెద్దవీ చాలా రకాలున్నాయి. నాది పెద్ద రకం. పార్సిలు మీద ఎవరో మహానుభావుడు ‘గిల్టు నగ’ అని రాసి దానికి తగ్గ పన్ను వడ్డించాడు. అయ్యా ఇది డబ్బు అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. నగే అన్నారు. వాళ్ళ నోటిమాట ఇలా ఫలిస్తుందని నేనేం కలగన్నాను!

అది వచ్చిన వారానికే ఇంట్లో సత్యనారాయణ వ్రతం. బరంపురం నుంచి మరదలూ తోడల్లుడూ వచ్చారు. ఆయన సిమెంటు వ్యాపారి. ఏ వస్తువునైనా పుచ్చకాయని తట్టినట్టు తట్టి చూడందే ఉండలేడు. మనిల్లాని కూడా తట్టాడు.

‘ఏటన్నయ్యా, ఇంత మంచి కడియం అద్దాల్లో పెట్టీసేవు?’

కడియం కాదయ్యా, డబ్బు, లెక్కపెట్టుకునేది అన్నాను.

‘చేతికుంటేనే గదా దాని అందం! ఒక్క ఫోటో’ అన్నాడు. నేను ఊఁ అనలేదు, ఉహుఁ అనేలోపే నా మణికట్టుని అడ్డంగా తిప్పి, ఆ సందులోంచి ఒక్క నొక్కు నొక్కాడు. సిమెంటు బస్తాలెత్తిన చెయ్యి. టక్‌మని దిగిపోయింది. ఫోటో తీశాడు. బాగా వచ్చిందన్నాడు. నాకు చూపించను కూడా లేదు.

తియ్యబోతే రాలేదు. సందులోకి ఎముక అడ్డం తిరిగింది. సబ్బు అయింది, కొబ్బరినూనె అయింది. మోచేతి దాకా నూనె కారుతోంది గానీ అది అంగుళం కదల్లేదు. ఈలోగా పాతపట్నం నుంచి పంతులుగారు దిగారు. ఆ పూట ఆయనకి ఇంకో రెండు వ్రతాలున్నాయట, ‘కానీండి, కానీండి’ అంటూనే చెప్పులు విడిచారు. మా ఆవిడ బరంపురం పట్టుచీరలో పీటమీద కూచునుంది. నేనూ కూచున్నాను. చెయ్యి తుడుచుకుందామని తువ్వాలు అడిగితే ఎవరూ వినలేదు.

నూనె చేత్తో పూజ ఎలా ఉంటుందో మీకు తెలిసుండదు. ‘అక్షతలు తీసుకోండి’ అన్నారు, తీసుకున్నాను. ‘వదలండి’ అన్నారు. వదిలాను, అవి నన్ను వదల్లేదు. మళ్ళీ తీసుకోండి, మళ్ళీ వదలండి. గణపతికి చెందాల్సినవి, నవగ్రహాలకి చెందాల్సినవి, అష్టదిక్పాలకులకి చెందాల్సినవి, అన్నీ నా మణికట్టు మీదే స్థిరపడ్డాయి. పసుపు అంటుకుంది, దానిమీద కుంకుమ, దానిమీద ఒక తులసిదళం. నమస్కారం పెట్టిన ప్రతిసారీ మనిల్లా వెళ్ళి కలశానికి ఠంగుమని తగుల్తోంది. పంతులుగారికి మొదట్లో అది గంట అనిపించినట్టుంది, ఎవరు వాయిస్తున్నారా అని రెండుసార్లు వెనక్కి చూశారు. కొబ్బరికాయ ఓ పక్కకి ఒరిగింది. మా ఆవిడ మోచేత్తో నన్ను ఒక్క పొడుపు పొడిచి, దేవుడికేసి చూస్తూ నవ్వింది. ఆ నవ్వుకి అర్థం నాకు సాయంత్రం తెలిసింది.

అప్పుడొచ్చింది అసలు ఘట్టం. ‘కంకణం కట్టాలి, కుడిచెయ్యి చాపండి.’

చాపాను.

మంత్రం ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆయన్ని చూస్తున్నాను, మధ్యలో కరెంటు పోయినా, ఆయన జేబులో ఫోను మోగినా మంత్రం ఆగడం ఎరగను. పసుపుదారం రెండు చేతుల్తో సాగదీసి పట్టుకుని, నా చేతినీ నన్నూ మార్చి మార్చి చూశారు.

‘ఇదేటి బాబూ?’

‘డబ్బండి’ అన్నాను. నిజమే చెప్పాను.

‘దక్షిణ ఆఖర్న ఇద్దురుగాని లెండి. ఇదేటి?’

చెప్పబోయాను. పోర్చుగీసువాళ్ళ దగ్గర మొదలెడదామా, నైజీరియా దగ్గర మొదలెడదామా అని తేల్చుకునేలోపు వెనకనించి మా తోడల్లుడు అందుకున్నాడు: ‘ఆఫ్రికా మొక్కండి!’

పంతులుగారు ఇంకేం అడగలేదు. ఏ మొక్కయినా మొక్కే అనుకున్నారో, తరవాతి వ్రతానికి ఆలస్యమవుతోందనుకున్నారో మరి. సమస్యల్లా దారం మనిల్లాకి పైన కట్టాలా కింద కట్టాలా అని. పైన కడితే మోచేతి వైపు జారుతోంది. కింద చోటే లేదు. కాసేపు ఆలోచించి, మనిల్లాతో కలిపి రెండు చుట్లు చుట్టి ముడేసి, దానికీ ఓ బొట్టు పెట్టారు. ఎన్ని సముద్రాలు దాటొచ్చిందో తెలీదు గానీ, దానికి బొట్టు పెట్టినవారు మాత్రం ఈయనే అయ్యుంటారు.

కథ మొదలైంది. ఐదు అధ్యాయాలు. చెయ్యి ఉబ్బడం మొదలెట్టింది. పడవలో ఏముందయ్యా అని స్వామి అడిగితే ఆ షావుకారు ఆకులూ అలములూ అనడం, ధనమంతా అలాగే అయిపోవడం వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకుని మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టాను. కళ్ళు తెరిచి చూసుకున్నాను. ఇత్తడి ఇత్తడిగానే ఉంది. నిజం చెప్పినవాడికి ఏ సౌకర్యమూ లేదన్నమాట.

ప్రసాదం పంచేటప్పుడు పక్కింటి ఒడియా మౌసీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ‘వాతానికా బాబూ?’ అంది. అవునో కాదో అనేలోపు ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు, మోకాళ్ళు పట్టుకుని. ఎక్కడ దొరుకుతుంది, ఎంతయింది, ఆడవాళ్ళ సైజు ఉంటుందా. మా తోడల్లుడు కేసరి తింటూ, అన్నయ్య వేసుకున్నాక రక్తం బాగా ఆడుతోందని అందరికీ వివరిస్తున్నాడు. ఆడక ఆగిపోతేనే కదా నా వేళ్ళు వంకాయ రంగుకి తిరిగాయి!

సాయంత్రం కంసాలి గీటుచూసి ‘సీసం ఎక్కువండి, వంచితే విరుగుద్ది, కోసీమంటే కోసీగల్ను’ అన్నాడు. కొయ్యనివ్వలేదు. మా ఆవిడ కంసాలి దుకాణంలో అందరి ఎదటా అన్న మాట ఇక్కడ రాయను. ఊడింది, అంతే. అందులో ఐసుగడ్డలకీ, కుట్టుమిషను దారానికీ, మా మావగారి మోకాలికీ భాగం ఉంది. మా తోడల్లుడికి లేదు. ఆయన అప్పటికే బరంపురం వెళ్ళిపోయాడు.

వెళ్ళి ఊరుకున్నాడా! ఆ ఫోటో కుటుంబం గ్రూపులో పెట్టాడు. ‘అన్నయ్య ఆఫ్రికా దీక్ష’ అట. దీక్ష విరమణ ఎప్పుడు, భోజనాలుంటాయా అని శ్రీకాకుళం నుంచి మా పెదనాన్నగారు నిన్న ఫోను చేశారు.

పొద్దున మౌసీ వచ్చింది. రెండు కావాలట, ఒకటి తనకీ, ఒకటి గుణుపురంలో ఉన్న చెల్లెలికీ. అలాంటివి దొరకవు మౌసీ, నైజీరియాలో ఎప్పుడో తుక్కు చేసేశారు అని చెబుదామని లోపలినుంచి వచ్చేసరికి, మా ఆవిడ ఐదొందలు అడ్వాన్సు పుచ్చుకుని కొంగున ముడేస్తోంది.