ఏ మందు పడలేదో రాయడానికి అంత బరువా?

ఇప్పుడే ఒక డిశ్చార్జ్ కార్డు చూసినా. ఒళ్ళు మండిపోతా ఉంది. "మందు రియాక్షన్, ఇప్పుడు బాగుంది" అని రాసి సంతకం పెట్టినారు. ఏ మందు? లేదు. ఎన్నో రోజుకు వచ్చింది? లేదు. ఒళ్ళంతా దద్దుర్లా, బీపీ పడిపోయిందా? అదీ లేదు. ఏందప్పా ఇది? ఫిట్స్ మనిషి ఆ కార్డు పట్టుకుని ఆదోనికో నంద్యాలకో పోతాడు. ఏ అర్ధరాత్రో మళ్ళా ఫిట్స్ వస్తే అక్కడి డ్యూటీ డాక్టరు ఏం చూసి మందు ఎక్కియ్యాల?

ఫినైటోయిన్ అనే ఫిట్స్ మందుకు జ్వరమొచ్చి ఒళ్ళు పేలిన మనిషికి కార్బమజెపిన్ ఇయ్యకూడదు, ఫినోబార్బిటోన్ ఇయ్యకూడదు, ఆక్స్‌కార్బజెపిన్ ఇయ్యకూడదు. అన్నీ ఫిట్స్ మందులే, దగ్గరి చుట్టాలే. ఒకటి పడనోళ్ళకు ఇంకోటీ పడకపోయే ప్రమాదం చాలా ఎక్కువ. వీటికి బదులు లెవెటిరాసెటామ్ ఉంది, క్లోబజామ్ ఉంది. వాల్‌ప్రొయేట్ ఉందిగానీ ఆ రియాక్షన్‌లో లివర్ దెబ్బతిని ఉంటే దాని జోలికి పోకూడదు, పిల్లల్ని కనే వయసు ఆడోళ్ళకు అసలే ఆలోచించాల. ఈ లెక్కంతా ఆ ఒక్క పేరు తెలిస్తేనే కదా! పేరంటే బ్రాండు పేరు కూడా కాదు. ఫినైటోయిన్‌కు బ్రాండు పేరు ఎప్టోయిన్ అని రాస్తే పక్క ఊరి మెడికల్ షాపులో ఇంకో పేరుతో అదే మందు చేతికిస్తారు. అసలు మందు పేరే రాయాల.

ఇంకో సంగతి. ఈ రియాక్షన్ మందు మొదలుపెట్టిన రోజే రాదు. ఎక్కువగా మొదటి ఎనిమిది వారాల్లో వస్తుంది. అప్పటికి మనిషి ఇంట్లో ఉంటాడు. నోట్లో పుండ్లు పడితే ఎండలకు వేడి చేసిందంటారు. ఒళ్ళు ఎర్రగా పేలితే అమ్మోరు పోసిందని వేపాకు పరిచి పండబెడతారు. మాత్ర మాత్రం రెండు పూటలా పడతానే ఉంటుంది. ఇంట్లోవాళ్ళను నేను తప్పు పట్టను, వాళ్ళకు చెప్పిందెవరు? కొత్తగా ఫిట్స్ మాత్ర మొదలైన మనిషికి దద్దుర్లతో జ్వరం, ముఖం వాపు, మెడ దగ్గర బిళ్ళలు, కళ్ళు ఎర్రబడడం, నోరు పుండు కావడం, చర్మం ఊడడం, కామెర్లు, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రికి పోవాల. మాత్ర మానేసి ఇంట్లో కూర్చుంటే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో పాత మందు ఆపి ఆ రోజే వేరే మందు మొదలుపెట్టాల, రక్తంలో ఇయోసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్ల కణాలు), లివర్ పరీక్షలు చూడాల.

ఇదంతా ఒక ఎత్తు, ఇంజెక్షన్ ఇంకో ఎత్తు. ఇది ఎన్నేళ్ళుగానో నా కడుపులో ఉన్న మంట. ఫినైటోయిన్ ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసా) రెండు మిల్లీలీటర్లు, అందులో 100 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు 20 చొప్పున 1200 మిల్లీగ్రాములు, అంటే 12 ఆంప్యూల్స్. నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు కాబట్టి తక్కువలో తక్కువ 24 నిమిషాలు పట్టాల. ముసలోళ్ళకు, గుండె జబ్బున్నోళ్ళకు 25 దాటకుండా 48 నిమిషాలు. పక్కన ఈసీజీ మానిటరు, బీపీ కఫ్ ఉండాల. నార్మల్ సెలైన్‌లోనే కలపాల. గ్లూకోజు బాటిల్‌లో కలిపితే మందు విరిగి స్ఫటికాలు కడతాయి. మంచి పెద్ద నరానికి పెట్టి, ముందూ వెనకా సెలైన్‌తో క్యానులా (నరంలో పెట్టే సన్న గొట్టం) కడగాల. ఆ మందు క్షారం, పీహెచ్ 12 దగ్గర ఉంటుంది. చేతి వెనక సన్న నరానికి పెట్టి తోసేస్తే చెయ్యి వాచి ఊదారంగుకు తిరుగుతుంది. ఒక్కోసారి చర్మం చచ్చిపోతుంది.

అయిదు నిమిషాల్లో తోసేస్తారు. బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అప్పుడు కార్డు మీద ఏం రాస్తారు? అదే ముక్క, "రియాక్షన్". ఒళ్ళు పేలిన మనిషికి ఆ మందు జన్మలో ముట్టించకూడదు. వేగానికి బీపీ పడిన మనిషికి, హార్ట్ బ్లాక్ (గుండెను కొట్టించే కరెంటు దారిలో అడ్డంకి) లేదని చూసుకుని, మళ్ళా నెమ్మదిగా ఇయ్యొచ్చు. రెండింటికీ ఒకటే ముద్ర వేస్తే ఒకడికి విషం పోతుంది, ఇంకొకడికి పనికొచ్చే మందు దక్కదు.

రాస్తే కేసులవుతాయని భయమంట! దేశంలో 2010 నుంచి మందుల దుష్ఫలితాలు నమోదు చేసే కార్యక్రమం నడుస్తా ఉంది. ఫారం నింపితే తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఆ ఫారం మీదే అచ్చేసి ఉంది. డాక్టరే నింపాలని లేదు. నర్సు నింపొచ్చు, ఫార్మసిస్టు నింపొచ్చు, రోగుల కోసం వేరే ఫారం కూడా ఉంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024.

డిశ్చార్జ్ అయ్యేటోళ్ళకు ఒకటే మాట. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, రియాక్షన్ వచ్చిన తేదీ, ఏమైందో, ఇంజెక్షనయితే ఎంత సేపట్లో ఎక్కించినారో, ఇవన్నీ కార్డు మీద రాసిచ్చేదాకా మంచం దిగొద్దండి. విసుక్కుంటే విసుక్కోనీ. రాసినాక ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపండి, ఫిట్స్ వచ్చినోడు నోరు తెరిచి చెప్పలేడు.