పొగను మేలిముసుగుగా చూసిన కళ్లు

పద్దెనిమిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఇంగ్లండ్ కలవారికి ఒక కొత్త వేడుక అబ్బింది. రాస్ పట్టణం దగ్గర పడవ మాట్లాడుకుని, రెండు రోజుల పాటు వై నదిలో చెప్‌స్టో దాకా సాగుతూ, ఒడ్డున ఉన్న కొండలనూ శిథిలాలనూ చిత్రపటాల్లా చూసి ఆనందించడమే ఆ వేడుక. 1770లో ఆ దారిన వెళ్లిన ఆంగ్లికన్ మతగురువు విలియం గిల్పిన్ 1782లో ఆక్వాటింట్ ముద్రలతో (రాగి రేకుతో నీటిరంగుల్లాంటి ఛాయలు అచ్చువేసే పద్ధతి) వెలువరించిన పుస్తకం ఈ యాత్రికులకు చూడటం నేర్పింది. 1793లో మొదలైన ఫ్రాన్స్ యుద్ధాలు యూరప్ యాత్రలకు అడ్డుపడటంతో స్వదేశపు నదులకు ఆదరణ ఇంకా పెరిగింది.

అయితే ఆ నది ఒడ్డు విశ్రాంతి స్థలం కాదు. ఒడ్డునే ఉన్న టింటర్న్ మఠం శిథిలాలకు అర మైలు దూరంలోనే ఇనుప కార్ఖానాలు నడిచేవి. శిథిలాల మధ్య గుడిసెల్లో బిచ్చగాళ్లు బతికేవారు. గిల్పిన్ ఇవన్నీ చూశాడు, నిజాయితీగా రాశాడు కూడా. సన్యాసుల గ్రంథాలయం చూపిస్తానని ఒక పేద స్త్రీ అతన్ని తీసుకెళ్లింది తన నివాసానికే. కానీ కొలిమిల కోసం కొండవాలుల్లో కట్టెలు కాల్చి బొగ్గు చేసేటప్పుడు లేచే పొగ దగ్గరికి వచ్చేసరికి, అది కొండల అంచులను అందంగా మసకబరిచే పలచని ముసుగుగానే అతని కంటికి ఆనింది. పొగ కింద చెమటోడ్చే మనిషి ఆ వాక్యంలో లేడు. మరో పుస్తకంలో అతను ఇంకా సూటిగా చెప్పాడు: నీతిపరంగా కష్టపడే పనివాడే మేలు, చిత్రానికి మాత్రం ఊరికే తిరిగే పల్లెటూరివాడే నప్పుతాడు.

ఈ చూపుకు ఆక్వాటింట్ పనితనం బాగా కలిసొచ్చిందని నా అభిప్రాయం. రాగి రేకు మీద రెసిన్ పొడి చల్లి, వేడితో అతికించి, ఆమ్లంలో ముంచితే, రేణువుల సందుల్లో మాత్రమే లోహం కరిగి, అచ్చులో నీటిరంగు పూతలాంటి మెత్తని ఛాయ పడుతుంది. 1775లో చిత్రకారుడు పాల్ శాండ్బీ దక్షిణ వేల్స్ దృశ్యాలను ఈ పద్ధతిలోనే ముద్రించాడు. తీరిక ఉన్నవారు సరదాగా వేసుకునే నీటిరంగుల బొమ్మల పోలిక ముద్రకు వచ్చేసింది; ఆ ఛాయలో పొగకూ పొగమంచుకూ తేడా మిగలలేదు.

ఇందుకు భిన్నంగా, 1807 నుంచి 1819 వరకు వెలువడిన ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ ముద్రాచిత్రాల వరుస 'లిబర్ స్టూడియోరమ్' 71 ఫలకాల్లో కంచెలు వేసే, గుంటలు తవ్వే కూలీల చిత్రం ఒకటుంది. ఉమ్మడి భూములను పార్లమెంటు చట్టాలతో సొంత కమతాలుగా మార్చి కంచె వేస్తున్న రోజులవి. పశువులు మేపుకునే హక్కు పోగొట్టుకున్నవారిలో ఎందరో ఆ కంచె పనికే కూలికి వెళ్లవలసి వచ్చింది. టర్నర్ వారికి పచ్చిక మీద ఒక కునుకైనా ఇవ్వలేదు. గుంటలో దిగి పనిచేస్తున్నట్టే చూపించాడు.