పొగగొట్టానికి పూచీకత్తు

పొగగొట్టాలు తుడిచేవాడికి లైసెన్సు ఉండాలా వద్దా అన్న విషయంలో బ్రిటన్ చాలా నిదానంగా ఆలోచించింది. ఇంత గంభీరమైన విషయంలో తొందరెందుకు?

1788లో ఎనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఈ పనిలో పెట్టకూడదని చట్టం చేశారు. ఎనిమిది నిండాక లోకజ్ఞానం వచ్చేస్తుంది కదా, గొట్టంలోకి ఎక్కించవచ్చు. ఈ మసి వల్ల క్యాన్సర్ వస్తోందని పెర్సివాల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాసిపెట్టాడు. డాక్టర్లు ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. 1840లో ఆ వయసును 21కి పెంచారు. చట్టం పుస్తకంలో ఉంది, పిల్లలు గొట్టాల్లో ఉన్నారు. బ్రష్షు కన్నా పిల్లాడే బాగా తుడుస్తాడని పెద్దింటివాళ్ల నమ్మకం మరి.

1875లో కేంబ్రిడ్జ్ దగ్గర ఫుల్‌బోర్న్ ఆసుపత్రి పొగగొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే కుర్రాడు ఇరుక్కున్నాడు. గోడ పగలగొట్టి తీశారు. కాసేపటికే చనిపోయాడు. అతణ్ణి గొట్టంలోకి ఎక్కించిన మేస్త్రీకి ఆరు నెలల కఠిన శిక్ష పడింది. అదే ఏడాది, తుడిచేవాళ్లంతా ఏటా పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలని కొత్త చట్టం వచ్చింది. పిల్లలు గొట్టాల్లోంచి దిగారు. మందు పనిచేసింది కాబట్టి 1938లో ఆ చట్టాన్ని ఎత్తేశారు.

ఇప్పుడక్కడ బ్రష్షు కొనుక్కున్నవాడు మర్నాడే పనిలోకి దిగొచ్చు. సంఘాలున్నాయి, శిక్షణ ఉంది, సర్టిఫికెట్లూ ఉన్నాయి. చేరడం మాత్రం ఎవరిష్టం వాళ్లది. ఇంటికి నిప్పంటుకున్నాక, గొట్టం తుడిపించిన కాగితం ఏదని బీమా కంపెనీ అడిగేది ఇంటాయన్ని.

జర్మనీవాళ్లకు ఈ స్వేచ్ఛ లేదు. అక్కడ ప్రాంతానికొక అధికారిక చిమ్నీ మాస్టర్‌ని ఏడేళ్లకు నియమిస్తారు. ఆ ఏడేళ్లలో రెండుసార్లు ఇంటికొచ్చి పొయ్యి నుంచి గొట్టం దాకా తనిఖీ చేస్తాడు. ఇంట్లోకి ఎవరూ జొరబడకుండా రాజ్యాంగం ఇచ్చిన హక్కును కూడా ఆయన కోసం చట్టం కాస్త పక్కకు జరిపింది. 2013 నుంచి తుడిచే మనిషిని మనమే ఎంచుకోవచ్చు గానీ, తనిఖీ మాత్రం ఆయనదే. వీధిలో ఎదురైతే అదృష్టమట. ఇంటికొస్తే బిల్లు.

బ్రిటన్‌కి నాదొక సలహా. కాగితం చూపించాల్సింది ఎలాగూ ఇంటాయనే కాబట్టి పరీక్ష కూడా ఆయనకే పెట్టాలి. తుడిచేవాడికి ఎందుకు టెన్షన్? ఒకటే ప్రశ్న: గొట్టంలో కాకి గూడు కట్టింది, గదిలోకి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తోందో లేదో వాసన చూసి చెప్పండి. ఆ వాయువుకు వాసన ఉండదు కాబట్టి అందరూ తప్పుతారు. అప్పుడు పూచీ ఎవరిదన్న సందేహం బీమా కంపెనీకి ఉండదు.