గోడమీది ‘గో గ్రీన్’ ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారికి, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి లారీ ఆఫీసుల్లో కరెంటు బిల్లులు కట్టే గుమాస్తాలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

రిసెప్షన్‌లో తమరు పన్నెండడుగుల మేర పచ్చగా కొలువై ఉన్నారు. మంచుగడ్డమీద తెల్ల ఎలుగుబంటి, పక్కన ఇంగ్లీషు ముక్కలు నాలుగు. రాయగడ మే నెల ఎండలో చూడ్డానికి చల్లగానే ఉంటుంది, కాదనం. కానీ తమరి ఒళ్లంతా పీవీసీయే. 100 మైక్రాన్లకంటే పలచనైన తమ తమ్ముళ్లని 2022 జూలై 1 నుంచి నిషేధించారు. తమరు కాస్త మందం కాబట్టి బతికి బట్టకట్టారు. ఆ నిషేధపు జాబితాలోనే ఉన్న ప్లాస్టిక్ పళ్లేల్లో విశ్వకర్మ పూజ భోజనాలు తమరి కిందే జరుగుతాయి. సంతలో మాత్రం అడ్డాకు విస్తళ్లు కట్టలుగా ఎదురుచూస్తూ ఉంటాయి.

మా అసలు గొడవ అది కాదు. తమరు అందరితోనూ మాట్లాడతారు గానీ ఎవరికీ పని చెప్పరు. ‘భూమిని కాపాడండి’ అంటే వాచ్‌మన్ ఏటి చేస్తాడండీ? మెట్ల దగ్గర బోర్డుమీద ఏడు స్విచ్‌లున్నాయి, ఏది దేనిదో రాసి లేదు. ‘ఇది గోడౌను లైటు, ఆఖర్న వెళ్లేవాళ్లు ఆపాలి’ అని తెలుగులోనూ ఒడియాలోనూ చిన్న కాగితం అంటిస్తే సరిపోయేది.

ఏసీ సంగతికొద్దాం. రిమోట్‌లో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. 18 నుంచి 24కి తెస్తే బిల్లులో ఏసీ వాటా మూడోవంతు దాకా తగ్గొచ్చు. కానీ ‘24 పెట్టండి’ అని ఒట్టి సర్క్యులర్ తీస్తే మూడోరోజుకి రిమోట్ ఎవరి సొరుగులోనో దాక్కుంటుంది. ముందు ఏసీతోపాటు ఫ్యాన్ వెయ్యాలి, రెండు వారాలకోసారి ఫిల్టరు కడగాలి, ఆ తర్వాతే అంకె చెప్పాలి. ఫిల్టరులో దుమ్ము పేరుకుంటే 18లోనూ చల్లబడదు. అప్పుడు జనం 16కి దింపుతారు, తప్పు వాళ్లది కాదు. ఫ్యాన్‌కూ లెక్క చెప్పొచ్చు: పాతది 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే కొత్తరకం బీఎల్‌డీసీ మోటారుది 30 దగ్గర. రోజుకి 10 గంటల చొప్పున 25 రోజులకి ఒక్కో ఫ్యాన్‌మీద 11 యూనిట్లు మిగులు. ఇది ఎలుగుబంటి చెప్పలేని మాట.

ఇంక టీ. ఇరవైమంది, రోజుకి రెండుసార్లు, 25 రోజులు: వెయ్యి కప్పులు. పేపరు కప్పంటారు గానీ లోపల పాలిథీన్ పూత ఉంటుంది, పాత కాగితాల్లో కలవదు. స్టీలు గ్లాసులు తెద్దామని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు. ఎవరు కడుగుతారో రాసిపెట్టకపోవడంవల్ల ఆ పని అటెండరు నెత్తిన పడి, నెల తిరక్కుండా కప్పులే మళ్లీ వస్తాయి. ముప్ఫై గ్లాసులు, ఒక తొట్టి, కడిగే మనిషికి అదనంగా ఇచ్చే డబ్బు: ఈ మూడూ తేలాకే ప్రకటన.

రెండువైపులా ప్రింటు కొట్టమని ఇరవైమందిని బతిమాలే బదులు ఆ సెట్టింగు కంప్యూటర్‌లోని ప్రింటరు సాఫ్ట్‌వేర్‌లోనే ఒక్కసారి మార్చెయ్యండి. ఒకవైపే కావాలనే ఆఫీసుల పేర్లు పక్కన రాయండి, చాలు.

ఖాతాదారుల దగ్గర తమరి నోరు మరీ పెద్దది. ‘పర్యావరణ హిత రవాణా’ అని లెటర్‌హెడ్‌మీద కొట్టేశారు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, ఆధారం లేకుండా అలాంటి మాట వాడకూడదు. పైగా షేర్ల మార్కెట్‌ని అదుపుచేసే సెబీ అడిగే పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక (బీఆర్‌ఎస్‌ఆర్) ఇవ్వాల్సిన పెద్ద కంపెనీలు తమ సరుకు మోసేవాళ్లనీ లెక్కలడుగుతున్నాయి. వాళ్లకి టీ గ్లాసుల కబుర్లు అక్కర్లేదు. కావాల్సింది డీజిల్ లెక్క: లీటరు కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఖాళీగా తిరిగొచ్చే లారీ వంద లీటర్లు తాగితే 268 కిలోలు, మోసింది గాలి. ‘కిందటేడు నెలకి ఇన్ని ఖాళీ ట్రిప్పులు, ఈ ఏడు ఇన్ని, ఇదిగో డీజిల్ బిల్లులు’ అని రాసి, అద్దె లారీలు ఇందులో కలవలేదని కూడా ఒప్పుకుంటే ఆ కాగితానికి విలువ.

ఇట్లు,
తమరి నీడలో కూర్చునేవాళ్లం.

తా.క.: తమరిని దించమనడం లేదు. కిందటి నెల కరెంటు బిల్లు నకలు అంటించడానికి గోడమీద వేరే చోటు లేదు. ఎలుగుబంటి మొహం కప్పడిపోతే ఏమీ అనుకోవద్దు.